నల్లహల్వా మెరుగుపడిన వైనం

వీరంకిపేట పురపాలక సంఘానికి రాజధాని నుంచి ఉత్తర్వులు రావడం కొత్త కాదు. వచ్చినవాటిని చదవడమే కొత్త. ఆ రోజు కమిషనర్ శేషశయనంగారి గదిలో ఫ్యాను ఆగిపోయింది. విసురుకోవడానికి చేతికందిన కాగితం తీసుకున్నారు. విసురుకుంటూ విసురుకుంటూ పొరపాటున చదివేశారు. "పట్టణ పరిధిలో విక్రయింపబడు మిఠాయిలను తక్షణమే మెరుగుపరచవలెను" అని ఉంది అందులో. అంతే. ఎందుకో లేదు, ఎలాగో లేదు.

మామూలు రోజుల్లో ఆయన దానికి ఏ అర్థం చెప్పుకునేవారో గాని, ముందురోజు సాయంత్రమే వాళ్లమ్మాయి పుట్టినరోజుకు కాకినాడ నుంచి కేకు తెప్పించారు. కేకు నిండా బంగారు రంగు మెరుపుపొడి. చూడ్డానికి చమ్కీలా ఉంటుంది, కాని తినొచ్చు. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆడవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. కమిషనరుగారింట్లో పెట్టిన ఫలహారాన్ని జనం మెచ్చుకోవడం అదే మొదలు. ఆ పొడి ఇంకా ఆయన మీసాల్లోనే ఉంది. కిటికీలోంచి ఎండ పడి మీసం తళుక్కుమంది. ఎదురుగా బీరువా అద్దంలో అది చూసుకున్నారు. ప్రభుత్వం ఏం కోరుతున్నదో ఆయనకు అర్థమైపోయింది.

వెంటనే శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోదండపాణిని పిలిచి కాగితం చూపించారు.

"నాణ్యత పెంచమనాండీ?" అన్నాడు కోదండపాణి.

"పెంచదలచినచో పెంచవలెననే వ్రాసియుందురు. మెరుగు అన్నారు. నగలకు మెరుగు పెట్టించుట నీవు వినలేదా?"

"విన్నానండి."

"ఆ మెరుగును పరచవలెను అన్నారు. చాప పరచునట్లు. కావున మిఠాయిపై మెరుపుపొడి పరచవలెను. ఇందులో సందేహమునకు తావెక్కడ?"

తావు లేదని కోదండపాణి ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసులో తావుండేది అతను ఒప్పుకోవడానికే.

ఈ ముచ్చటంతా తరవాత అటెండరు చెప్పగా అడపా ముత్యాలరావు విన్నాడు. అప్పటికి మాత్రం అతను మెయిన్‌రోడ్డులో తన కొట్టు వెనక, పొయ్యి ముందు నిలబడి హల్వా కలుపుతున్నాడు. అది నల్లహల్వా. గోధుమలు నానబోసి, రుబ్బి, పాలు తీసి, తాటిబెల్లం పాకంలో పోసి, నెయ్యి తాగినంత తాగించి చేస్తారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి తారు అనుకుంటారు. తిన్నాక ఇంకేమీ అనుకోరు, ఇంకో ముక్క అడుగుతారు. ముత్యాలరావు తాత మొదలుపెట్టిన సరుకు అది. కొట్లో లడ్డూ, కాజా, మైసూర్‌పాకు అన్నీ ఉంటాయి గాని అతనికి వాటిమీద పెద్ద ఆపేక్ష లేదు. అవి ఎవరైనా చేస్తారు. నల్లహల్వా మాత్రం తనే చెయ్యాలి, దాన్ని ఎవరైనా ఒక్క మాటన్నా ఊరుకోడు. ఒకసారి సొంత బావమరిది 'కాస్త తీపి ఎక్కువైంది బావా' అన్నందుకు ఏడాది మాట్లాడలేదు. బావమరిదికి అది సుఖంగానే ఉందనుకోండి, అది వేరే సంగతి.

కోదండపాణి కొట్టుకు వచ్చేటప్పటికి చంకలో మెరుపుపొడి సీసాలున్నాయి, మెళ్లో ఫోటో స్టూడియో నుంచి ఎరువు తెచ్చిన పాత లైటు మీటరు వేలాడుతోంది. దానికి ఆఫీసులో మెరుగుమాపకం అని పేరు పెట్టి రిజిస్టరులో ఎక్కించారు. ముందు లడ్డూల మీద పొడి చల్లించాడు. మీటరు ముల్లు లేచింది. కాజాల మీద చల్లించాడు. ఇంకా లేచింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ముత్యాలరావు భార్య సీతారత్నానికి ముచ్చటేసింది.

"బాగున్నాయి కదండీ, పెళ్లికూతుళ్లల్లే ఉన్నాయి," అంది మొగుడితో.

"లడ్డూలకేం, ఏం చేసినా పడుంటాయి," అన్నాడు ముత్యాలరావు. నిజం చెప్పాలంటే అతనికీ బాగానే అనిపించింది. పైకి అనలేదంతే.

అప్పుడు కోదండపాణి హల్వా పళ్లెం ముందుకు వెళ్లాడు. చల్లకముందే మీటరు పెట్టి చూశాడు. ముల్లు ఎగిరి అవతలి చివర కొట్టుకుంది. హల్వా మీద నెయ్యి నిగనిగలాడుతోంది మరి.

"చూశారాండీ!" అన్నాడు ముత్యాలరావు ఛాతీ విరుచుకుని. "దానికి పుట్టుకతోనే ఉందండి మెరుగు. మీరేం పెట్టక్కర్లేదు."

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. కమిషనరు దగ్గర పనిచేస్తూ పనిచేస్తూ ఆయన భాష ఇతనికీ అంటుకుంది. "ఇది నెయ్యి యొక్క మెరుగు. లోపలినుండి వచ్చినది. ఉత్తర్వు మెరుగు ఉండవలెనని చెప్పలేదు, పరచవలెనని చెప్పినది. పరచుట పైనుండి జరగవలెను. నెయ్యి తుడిచివేయుడు."

"నెయ్యి తుడిచెయ్యాలా?" ముత్యాలరావు కళ్లు తేలేశాడు. "హల్వా మీదండీ?"

"లేకపోతే లైసెన్సు మీద చర్య ఉంటుంది ముత్యాల్రావుగారూ," అన్నాడు కోదండపాణి, ఈసారి మామూలు భాషలో, కాస్త జాలిగా. "నన్నేం చెయ్యమంటారు చెప్పండి. ఈ పొడి తినదగినదో కాదో తేల్చడానికి ఆయన నాచేత చెంచాడు తినిపించారండి. తిన్నవాడు మర్నాడు డ్యూటీకి వస్తే తినదగినట్టంట. ఓ రోజు సెలవు పెడదామన్నా లేకుండా పోయింది."

అతను నవ్వితే పళ్లు తళతళలాడాయి.

ఆ రోజు నుంచి ముత్యాలరావుకు నల్లహల్వాతో యుద్ధం మొదలైంది. నెయ్యి తుడిస్తే మళ్లీ ఊరేది, పొడి చల్లితే మింగేసేది. మళ్లీ చల్లితే మళ్లీ మింగేది. సీసా మొత్తం బోర్లించాక అప్పుడు మెరిసింది, ఎవరో తారురోడ్డు మీద చమ్కీ సంచీ చింపినట్టు. ముత్యాలరావు దాన్ని చూడలేక మొహం తిప్పుకున్నాడు. తాత ఫోటో వైపు కూడా చూడలేదు.

మొదట వచ్చింది రిటైరైన స్టేషన్‌మాస్టరు బుల్లిరాజుగారు. రోజూ సాయంత్రం ఒక ముక్క తిని, ఒక ముక్క పొట్లం కట్టించుకుని పోవడం ఆయన అలవాటు.

"ఏవండోయ్ ముత్యాల్రావుగారూ, హల్వాకి పెళ్లి కుదిరిందేంటండీ? చెప్పలేదేం?"

"కమిషనరుగారి ఆర్డరండి."

"ఓహో! ఆయనే పెళ్లికొడుకన్నమాట," అని ఆయన తిన్నారు. రుచిలో తేడా లేదన్నారు. పొట్లం కట్టించుకుని ఇంటికెళ్లారు. మర్నాడు కొట్టుకు రాలేదు, రోడ్డు అవతల నిలబడి చెయ్యూపారు. ముత్యాలరావే దాటి వెళ్లాడు.

"మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేసిందండీ," అన్నారు బుల్లిరాజుగారు గొంతు తగ్గించి. "మూతికీ మీసానికీ ఈ మెరుపేంటి, ఈ వయసులో రికార్డింగ్ డాన్సుకెళ్లొచ్చావా అని. హల్వా తిన్నానంటే నమ్మదే! నల్లహల్వా తింటే మూతి నల్లగా ఉండాలి గానీ బంగారంలా మెరవడమేంటంటది. న్యాయమే కదండీ."

ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే గొడవ. మగాళ్లు హల్వా మానేసి చెగోడీలకు మళ్లారు. పళ్లెంలో హల్వా సాయంత్రానికీ అలాగే ఉండిపోతుంటే ముత్యాలరావుకు గుండెల్లో కలుక్కుమనేది.

ఇటు కమిషనరుగారి ఉత్సాహం మిఠాయిలతో ఆగలేదు. పాత ఉత్తర్వులన్నీ బీరువాలోంచి తీయించి చదివించారు. చూడగా, ప్రభుత్వం కొన్నేళ్లుగా ప్రతి విషయంలోనూ మెరుగే కోరుతున్నదని, తెలివితక్కువ అధికారులు గమనించలేదని తేలింది. 'మధ్యాహ్న భోజనమును మెరుగుపరచవలెను' అని ఒకచోట ఉంది. బడిపిల్లల పప్పుచారులో పొడి వేశారు. పిల్లలు పప్పుచారు తాగడం మాని అందులో మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. 'ఆసుపత్రిలో రోగుల పరిస్థితిని మెరుగుపరచవలెను' అని ఇంకోచోట ఉంది. రోగుల ఉప్మా మీద చల్లించారు. మర్నాటి నుంచి ఆసుపత్రి గోడమీద 'రోగులందరి పరిస్థితి మెరుగుగా ఉన్నది' అని రోజూ బోర్డు పెట్టేవారు. ఒక్క అబద్ధం కూడా లేదందులో. మూలుగుతున్నవాళ్లు కూడా మెరుస్తూనే మూలిగేవారు.

ఊరంతా ఇలా వెలిగిపోతుంటే వెలగనిది ఒక్కటే మిగిలింది. కోదండపాణి ఒకరోజు తనిఖీకి వచ్చి హల్వా మీద గరిటె పెట్టి చూశాడు. మీది నెయ్యి కదిలింది, పొడి అడుగుకు జారిపోయింది, నలుపు బయటపడింది. కోదండపాణి నిట్టూర్చి కాగితం అంటించి పోయాడు. 'సోమవారము లోపల ఈ పదార్థము మెరుగుపడనియెడల పట్టణమున దీని తయారీ నిషేధింపబడును.'

"పోనీ తెల్ల పంచదారతో చేద్దారండీ," అంది సీతారత్నం. "తెల్లగా ఉంటే పొడి నిలబడుద్దేమో. పేరు కూడా మారుద్దాం. వెండిహల్వా అందాం."

"మా తాత పేరు కూడా మార్చమంటావేంటే?"

"ఆయన పోయారు కదండీ, ఏం పట్టించుకుంటారు?"

ముత్యాలరావు అరవలేదు. అరుస్తాడనుకున్న సీతారత్నం భయపడింది. అతను పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. తెల్లహల్వా చెయ్యొచ్చు, కొట్టు నడుస్తుంది, ఎవరూ చచ్చిపోరు. కాని అది తను చేసిందని చెప్పుకోవడానికి నోరు రాదు. తనకు ఇంకేం చేతనవును? లెక్కలు సీతారత్నం చూస్తుంది, బేరం సీతారత్నం ఆడుతుంది. ఆ హల్వా ఒక్కటే తనది. అనుకోగానే ఏడుపొచ్చింది. పొగ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. పొయ్యిలో నిప్పు లేదు, అయినా సీతారత్నం అవునంది.

సోమవారం పొద్దున్నే చొక్కా మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకు బయల్దేరాడు. కాళ్లు పట్టుకుందామా, నెత్తీనోరూ బాదుకుందామా అని దారంతా తేల్చుకోలేకపోయాడు. తీరా గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాడు. ఆఫీసు ఆఫీసంతా మెరిసిపోతోంది. గుమాస్తాలు మెరుస్తున్నారు, టైపిస్టు మెరుస్తోంది. కోదండపాణి బట్టతల మీద లైటు పడి, ఆ వెలుగు గోడమీద ఆడుతోంది. అందరూ గోక్కుంటున్నారు.

"ఏమైందండీ?" అన్నాడు ముత్యాలరావు.

"కొత్త ఆర్డరొచ్చిందండి," అన్నాడు కోదండపాణి మెడ గోక్కుంటూ. "పురపాలక ఉద్యోగులను మెరుగుపరచవలెను అని. పొద్దున్నే హాజరు వేసేటప్పుడు చల్లుతున్నారండి. చెమట పడితే మళ్లీ చల్లాలి. మా ఇంట్లో పక్కలన్నీ ఇదే. మా అత్తగారు నన్ను చూసి దణ్ణం పెట్టిందండి బాబూ!"

లోపల శేషశయనంగారు కిరీటం ఒక్కటి తక్కువగా కూర్చుని ఉన్నారు. ఒక చేత్తో పెన్ను, ఒక చేత్తో స్కేలు. స్కేలు చొక్కా వెనక దూర్చి వీపు గోక్కుంటున్నారు.

"అయ్యా, నా హల్వాని వదిలెయ్యండయ్యా," అన్నాడు ముత్యాలరావు చేతులు జోడించి. "అది నల్లగా ఉంటేనే హల్వా అండి. మెరుగంటే మీరనుకున్న మెరుగు కాదేమోనండి. ఇంకోసారి అడిగి చూడండయ్యా."

"భాషను వ్యాఖ్యానించు అధికారము మిఠాయివారికి దఖలుపరచబడలేదు," అన్నారు కమిషనరు. స్కేలు కాస్త కిందికి పోనిచ్చి, కళ్లు మూసుకుని, తెరిచారు. "అయినను, ఉద్యోగుల సంఘము వారు కూడ ఇదే విషయమై విజ్ఞప్తి చేసియున్నారు. చర్మసంబంధమైన కారణముల దృష్ట్యా స్పష్టత కోరుచున్నాము. అంతవరకు నీ హల్వా యథాస్థితిలో ఉండవచ్చును."

ఉద్యోగులందరినీ ఆఫీసు మెట్ల మీద వరసగా నిలబెట్టి ఫోటో తీసి, 'మెరుగుపరచితిమి, ఇది చాలునా?' అని రాజధానికి పంపారు. సాధారణంగా అక్కడినుంచి జవాబు రావాలంటే అడిగినవాడు రిటైరవ్వాలి. ఈసారి మాత్రం వెంటనే వచ్చింది. ఫోటో చూసి అక్కడెవరో టీ ఒంటిమీద పోసుకున్నారని చెప్పుకున్నారు. 'మెరుగుపరచుట అనగా తళుకు అద్దుట కాదు. మెరుగుపరచుట అనగా బాగుచేయుట అని గ్రహించి తదనుగుణముగా చర్య తీసుకొనవలెను' అని ఉంది అందులో.

ఆ మాట ఊళ్లో పాకేసరికి జనం వీధుల్లోకొచ్చి నవ్వుకున్నారు. మెరుపుపొడి సీసాలను సీతారత్నం అటక మీదికి ఎత్తించింది. ముత్యాలరావు తలంటు పోసుకుని, పొయ్యికి బొట్టు పెట్టి, కొత్తగా హల్వా కలిపాడు. పళ్లెంలో పోసి ఆరబెట్టాక చూసుకుంటే నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి కొట్టు ముందు జనం వరస కట్టారు. బుల్లిరాజుగారు భార్యను కూడా వెంటబెట్టుకు వచ్చారు, సాక్ష్యానికి.

మొదటి ముక్క కొయ్యబోతుంటే మునిసిపల్ జీపు వచ్చి ఆగింది. కోదండపాణి దిగాడు. అతని వెనక ఇంజనీరింగు విభాగం ఏఈ ప్రసన్నకుమార్ టేపు పట్టుకుని దిగాడు. ఆయన వెనక ఒక తాపీమేస్త్రి. చేతిలో తాపీ, భుజాన సంచీ.

"ఎక్కడ పాడైందండీ?" అన్నాడు ఏఈ.

"ఏంటండీ పాడైంది?"

"హల్వా అండీ. బాగుచెయ్యమని ఆర్డరొచ్చింది కదా. మరమ్మతు మా విభాగానిది. పగుళ్లున్నాయా, కుంగిందా, చెమ్మ కారుతోందా? చెప్తే ఎస్టిమేటు వేసుకుంటాం."

"దేవుడి దయవల్ల శుభ్రంగా ఉందండి. ఏం పాడవలేదు."

ఏఈ మొహం సీరియస్ అయింది. "అలా అంటే కుదరదండి. పాడవనిదాన్ని బాగుచెయ్యలేం. బాగుచెయ్యకపోతే ఉత్తర్వు అమలు కాదు. అమలుకు అడ్డుపడితే లైసెన్సు రద్దవుద్ది. చిన్న పనండి, ఇక్కడ సంతకం పెట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

ముత్యాలరావు కాగితం అందుకున్నాడు. 'నా దుకాణము నందలి నల్లహల్వా పాడైపోయినదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను' అని టైపు చేసి ఉంది. కింద తన పేరు. పేరు ముందు శ్రీ కూడా పెట్టారు.

మెరుపు చల్లినప్పుడు హల్వా పైన చల్లారు. గీకేస్తే పోయేది. ఇది అలా పోయేది కాదు. సంతకం పెడితే కొట్టు ఉంటుంది, పెట్టకపోతే రేపటినుంచి ఉండదు. జనం చూస్తున్నారు. సీతారత్నం కూడా చూస్తోంది. ఆవిడ బతుకు తెలిసిన మనిషి, పెట్టేయమంటుందని అతననుకున్నాడు.

"పెట్టకండి," అంది సీతారత్నం.

ముత్యాలరావు కాగితం తిరిగిచ్చేశాడు. అతని గొంతు బజారంతా వినబడింది. "కొట్టు మూసేసుకుంటానండి. మా ఆవిడా నేనూ కూలికెళ్తాం. నా హల్వా పాడైందని మాత్రం నా చేత్తో రాయను. అంత కావాలంటే మీరే తినండి. తిని, పాడైందని మీరే రాసుకోండి. ఇదిగో, ఇంతమంది ముందూ రాయండి!"

ఏఈ కోదండపాణి వంక చూశాడు. కోదండపాణి హల్వా వంక చూస్తున్నాడు. ఇన్నాళ్లూ మీటరు పెట్టి చూడడమే గాని అతను దాన్ని ఎప్పుడూ తినలేదు. డ్యూటీలో ఉండగా తినకూడదని అతని నియమం.

"క్షేత్రస్థాయి పరిశీలన రూల్సులో ఉందండి," అన్నాడు మెల్లగా.

ఇద్దరూ చెరో ముక్కా తీసుకున్నారు. ఏఈ నోట్లో పెట్టుకున్నాడు. టేపు చేతిలోంచి జారి చుట్టుకుపోయింది.

"ఏమండీ, పాడైందాండీ?" అన్నారు బుల్లిరాజుగారు వరసలోంచి.

"పై పొర పరవాలేదు," అన్నాడు ఏఈ. "లోపలి పొర చూడాలి."

లోపలి పొర చూశారు. మూలముక్కలు వేరేరకంగా ఉండొచ్చని కోదండపాణికి అనుమానం వచ్చింది. నాలుగు మూలలూ చూశారు. నడిమధ్య కుంగి ఉండొచ్చని ఏఈ నడిమధ్యకు వెళ్లాడు. ఇంకా నిర్ధారణ కాలేదని కమిషనరుగారికి ఫోను చేస్తే, ఇలాంటి సున్నితమైన వ్యవహారాన్ని కిందిస్థాయికి వదలరాదని ఆయనే స్వయంగా వచ్చారు. ఒక ముక్క తిని గంభీరంగా తలపంకించి, "తొందరపడి ఒక నిర్ణయమునకు రారాదు," అని ఇంకో ముక్క తీసుకున్నారు. అడుగు చూడందే పునాది సంగతి తెలియదని మేస్త్రి అన్నాడు. అతని దగ్గర తాపీ ఉంది గనక అడుగు శుభ్రంగా వచ్చింది.

జనం నోళ్లు తెరుచుకుని చూస్తూనే ఉన్నారు. పళ్లెం తళతళలాడింది. అందులో ఇప్పుడేమీ లేదు.

శేషశయనంగారు చేతిరుమాలుతో మూతి తుడుచుకుని కోదండపాణి చేత నివేదిక రాయించారు. 'పరిశీలన జరుపబడినది. బాగుచేయుటకు పదార్థము మిగిలియుండనందున నేడు చర్య సాధ్యపడలేదు. పాడైనదీ లేనిదీ తేలువరకు ప్రతిదినము పరిశీలించవలెను. పరిశీలన ముగియువరకు ఈ దుకాణము లైసెన్సు రద్దుచేయరాదు. పదార్థము యొక్క రంగు మార్చరాదు.'

జీపు వెళ్లిపోయింది.

"మరి మాకండీ?" అన్నారు బుల్లిరాజుగారు ఖాళీ పళ్లెం చూపించి. ఆయన భార్య కూడా అదే అడుగుతున్నట్టు చూసింది.

ముత్యాలరావు వాళ్లు ఇచ్చిపోయిన నివేదిక నకలును ఇంకోసారి చదువుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది, అది ఆగలేదు. నవ్వుతూనే వెనక్కి వెళ్లి మర్నాటికి గోధుమలు నానబోశాడు, ఎప్పటికన్నా ఒక కుంచెడు ఎక్కువ.